మోటార్‌హోమ్ పక్క తలుపు తెరుచుకోలేదు: ఓర్వకల్లు దగ్గర ఒక కేసు

ఈ కేసులో తాళం బాగుచేయడానికి పట్టిన టైము తక్కువ. తలుపును మళ్లీ లైనులోకి తేవడానికే ఎక్కువ పట్టింది. బిల్లు చూడగానే బండి ఓనరు అడిగింది కూడా అదే: "తాళం పోయిందని పిలిస్తే తలుపు పనికి ఎందుకప్పా ఇంత?" ఆయన నంద్యాల వైపు మనిషే, ఉద్యోగం చేసింది హైదరాబాదులో. జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. ఇలాంటి బండ్లు ఉన్నవాళ్లకూ, వాటి మీద చెయ్యి వేసే మెకానిక్కులకూ పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

నాది కర్నూలులో బళ్లారి చౌరస్తా వైపు తాళాల షాపు. కార్ల డోర్ లాకులు, బీరువాలు, ట్రావెల్స్ బస్సుల డిక్కీ తాళాలు రోజూ ఉండే పని. మోటార్‌హోమ్ వచ్చేది ఎప్పుడో ఒకసారి. కానీ 44వ నంబరు హైవే మా ఊరి పక్కనుంచే పోతుంది, నంద్యాల మీదుగా కడపకు 40వ నంబరు రోడ్డు ఇక్కడినుంచే మొదలు. యాగంటి, బెలుం గుహలు, గండికోట చుట్టి వచ్చేవాళ్లలో ఇప్పుడు ఈ బండ్లు కనబడుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం టెంపో ట్రావెలర్ లాంటి వ్యాను తీసుకుని, బాడీ షాపులో మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ కట్టించుకున్నవే. డ్రైవరు తలుపు వ్యాను కంపెనీది, దాని తాళం షోరూంలో దొరుకుతుంది. ఇంట్లోకి ఎక్కే పక్క తలుపు బాడీ కట్టినవాళ్లది. దానికి పార్ట్ నంబరు ఉండదు, బొమ్మ ఉండదు, అడగడానికి కౌంటరూ ఉండదు.

బండి, తాళం

తలుపు బండికి ఎడమ వైపు, రెండు చక్రాల మధ్యన ఉంది. ఎత్తు ఆరడుగులకు కొంచెం తక్కువ, వెడల్పు రెండడుగులు. అల్యూమినియం చదరపు పైపుతో చట్రం, మధ్యలో ఫోమ్, రెండు వైపులా రేకు. బయటికి తెరుచుకుంటుంది. మడతబందులు ముందు చక్రం వైపు పెట్టారు, అది సరైన పద్ధతే. దారిలో తలుపు తెరుచుకున్నా ఎదురుగాలి దాన్ని మూస్తుంది, వెనక్కి విరగ్గొట్టదు.

తాళం దిగుమతి సరుకు. తలుపులో దాదాపు 70 మి.మీ. వెడల్పు, 95 మి.మీ. ఎత్తున రంధ్రం కోసి, లోపలినుంచి నాలుగు స్క్రూలతో బిగించే రకం. అమెరికాలో ట్రైలర్లకు ఈ కొలత మామూలు. అదే నమూనా చైనాలో చేసి ఇక్కడ అమ్ముతున్నారు. బయట ఒక పిడి, దానికో తాళం చెవి. పైన డెడ్‌బోల్ట్, అంటే తిప్పితేనే కదిలే గడియ, దానికి ఇంకో తాళం చెవి. లోపల ఒక లివరు, డెడ్‌బోల్ట్‌కు తిప్పే గుబ్బ. బయట పిడి లాగినా, లోపల లివరు లాగినా, రెండూ నెట్టేది ఒకే ఒక చిన్న క్యామ్‌ను. ఆ క్యామ్ లాచ్‌ను, అంటే తలుపు మూయగానే దానంతటదే పడే నాలుకను, వెనక్కి గుంజుతుంది. అది పోత పోసిన జింకు ముక్క, దాని మెడ దగ్గర చిటికెన వేలి గోరంత మందం కూడా లేదు. రెండు పిడులకూ అదొక్కటే దిక్కు కాబట్టి అది విరిగితే లోపలా బయటా ఒకేసారి పోతాయి. డిజైనులో నాకు అస్సలు నచ్చని సంగతి ఇదే.

పొద్దున్నే ఫోను

రాత్రి ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర బండి ఆపుకున్నారు. పడుకునేముందు లాచ్‌తో పాటు డెడ్‌బోల్ట్ కూడా వేశారు. పొద్దున గుబ్బ సగం తిరిగి ఆగిపోయింది. ఓనరు లివరును గట్టిగా లాగాడు, టక్కుమని శబ్దం వచ్చి లివరు వదులుగా వేలాడింది. ఈ రకం బండ్లలో ముందు సీట్లకూ ఇంటికీ మధ్య దారి ఉంటుంది, అందుకని ఆయనా, భార్యా, మనవడూ డ్రైవరు తలుపులోంచి దిగారు. ఎనభై దాటిన ఆయన తల్లికి మోకాళ్లు వంగవు, సీట్ల మధ్యనుంచి దాటలేదు. ఆమె లోపలే ఉండిపోయింది.

నేను చేరేసరికి చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన చేతిలో గడ్డపార కూడా ఉంది. ముందు దాన్ని దూరంగా పెట్టించాను. ఫోమ్ తలుపు రేకు ఒకసారి వంగితే మళ్లీ చదునుకు రాదు. తలుపు తెరుచుకున్నా ఆ తర్వాత ప్రతి వానకూ నీళ్లు కారుతూనే ఉంటాయి. లోపల మనిషి ఆపదలో ఉంటే ఆ లెక్క వేరు. ఇక్కడ అవ్వ మంచం మీద కూర్చుని ఫ్యాను కింద టీ తాగుతోంది. "నన్ను కిటికీలోంచి దించుతావా ఏంది నాయనా?" అని అడిగింది. "అవసరం లేదవ్వా, తలుపులోంచే దిగుదువు" అన్నాను. అప్పటికి నేను తాళం ముట్టుకోలేదు, బండి నిలబడిన తీరు చూశానంతే.

వెనక ఎడమ చక్రం బండ అంచు మీదికి ఎక్కి ఉంది. మిగతా మూడూ కింద. నులక మంచం ఒక కోడు కింద ఇటుక పెడితే మంచం మొత్తం మెలి తిరిగినట్టు, బండి బాడీ కూడా తిరుగుతుంది. కిటికీ అద్దాలకు రబ్బరు ఉంటుంది కాబట్టి అవి ఓర్చుకుంటాయి. తలుపు చట్రం మాత్రం చదరం పోయి కొంచెం ఐమూలగా అవుతుంది. లాచ్, డెడ్‌బోల్ట్ రెండూ అవతల చట్రానికి బిగించిన స్ట్రైకర్ ప్లేటులో, అవి దూరే రంధ్రాల్లోనే నొక్కుకుపోతాయి. అప్పుడు గుబ్బ మీద ఎంత బలం పెడితే అంత నష్టం.

డ్రైవరుతో బండిని మెల్లగా ముందుకు తీయించి చదునైన చోట నిలబెట్టించాను. లోపలికి డ్రైవరు సీటు మీదుగా ఎక్కి గుబ్బ పట్టుకుంటే డెడ్‌బోల్ట్ రెండు వేళ్లతో తిరిగింది. గడ్డపార పట్టుకొచ్చిన ఆయన మొహం చూడాల్సింది.

మిగిలింది లాచ్. ఇక్కడ ఒక చిన్న విషయం కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం. లాచ్ నాలుకకు ఏటవాలు ముఖం తలుపు మూసుకునే దిశలో ఉంటుంది. బయటికి తెరుచుకునే తలుపుకు అది లోపలి వైపు వస్తుంది. కాబట్టి పల్చటి ప్లేటు దూర్చి లాచ్‌ను జార్చాలనుకుంటే బయటినుంచి ఎంతసేపు గీకినా రేకు మీది పెయింటు పోవడమే, ఆ పని లోపలినుంచే అవుతుంది. కానీ లోపలికి వెళ్లగలిగినప్పుడు ఆ తంటా కూడా అక్కర్లేదు, తాళం స్క్రూలు ఉన్నదే అక్కడ. మా పిల్లోణ్ని బయట నిలబెట్టి అరచేత్తో బయటి ప్లేటు అదిమి పట్టుకోమన్నాను, లేకపోతే స్క్రూలు ఊడగానే అది రోడ్డు మీద పడి పిడి విరుగుతుంది. నాలుగు స్క్రూలు తీసి, లోపలి ప్లేటు పక్కకు జరిపి, సన్న మూతి కటింగ్ ప్లేయర్‌తో క్యామ్ మొదలును పట్టి లాగితే లాచ్ వెనక్కి వచ్చింది. అవ్వ మెట్టు దిగి నేరుగా బాత్రూమ్ ఎక్కడని అడిగింది. బండిలో ఉన్నదాన్ని ఆమె ఒప్పుకోదట.

విరిగిన ముక్క చెప్పిన సంగతి

ఊడిన క్యామ్ ముక్కను ఎండలో పెట్టి చూస్తే విరిగిన ముఖం రెండు రంగుల్లో ఉంది. మూడొంతుల్లో రెండొంతులు నల్లగా, మురికి పట్టి ఉంది. మిగిలింది మాత్రం తళతళలాడుతూ కొత్తగా ఉంది. అంటే పొద్దున లాగినప్పుడు విరిగింది ఆ చివరి ఒక వంతే. పగులు ఎన్నాళ్లుగానో ఉంది. ప్రతిసారీ బిగుసుకున్న లాచ్‌ను బలవంతంగా లాగడంతో కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. అందుకే ఓనరు "నేనే లాగి విరగ్గొట్టాను" అని నొచ్చుకుంటుంటే, కాదు సార్, ఇది ఎప్పుడో విరగడం మొదలైంది అని ఆ ముక్క చూపించాను.

తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చింది. కొన్ని నెలలుగా తలుపు కొంచెం పైకెత్తి వేస్తేనే తాళం పడుతోంది. హైదరాబాదులో ఎవరికో చూపిస్తే ఆయన స్ట్రైకర్ రంధ్రం కింది అంచు ఆకురాయితో అరగదీశాడు. కొన్నాళ్లు బాగానే పనిచేసిందట. ఎందుకు పనిచేయదు, దిగిన తలుపుకు తగ్గట్టు రంధ్రాన్ని కూడా దించాడు కదా. తలుపు ఇంకొంచెం దిగగానే మళ్లీ మొదటికొచ్చింది. నా దృష్టిలో ఆకురాయి ఈ పనిలో ఆఖర్న తీయాల్సిన సామాను. అది ముందే బయటికొచ్చిందంటే అసలు రోగం ఎవరూ చూడలేదని అర్థం.

డెడ్‌బోల్ట్ ఒక్కటే వేసుకుని, అందరూ ముందు సీట్లలో కూర్చుని, మెల్లగా బండిని షాపుకు తెచ్చారు. లాచ్ లేని తలుపు వెనక మనుషుల్ని కూర్చోబెట్టి హైవే మీద నడపడానికి నేను ఒప్పుకోను.

తలుపు ఎందుకు దిగింది

షాపు ముందు చదును చూసి, బండి లోపల రసమట్టం పెట్టి సరిచేశాక తలుపు సందులు కొలిచాం. పై అంచు సందు బందుల వైపు సన్నగా, తాళం వైపు వెడల్పుగా ఉంది. కింద తాళం వైపు మూల చట్రానికి రాసుకుని పెయింటు పోయింది. తాళం వైపు నిలువు సందు పైన ఇరుకు, కింద వెడల్పు. ఈ మూడూ కలిస్తే ఇంకో అనుమానం అక్కర్లేదు, పై బందు వదులైంది.

తలుపు తెరిచి బయటి చివర పట్టుకుని పైకెత్తితే పై బందు ప్లేటు కళ్లముందే కదిలింది. బందులను అల్యూమినియం పైపుకు పాప్ రివెట్లతో కొట్టారు. పైపు గోడ పల్చన, లోపల దన్నుగా బ్యాకింగ్ ప్లేటు లేదు. రివెట్ రంధ్రాలు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. నిజానికి తలుపు ఖాళీగా ఉంటే అది కూడా కొన్నేళ్లు నెట్టుకొచ్చేదేమో. తలుపు లోపలి వైపు చూస్తే చెప్పుల స్టాండు, చెత్తడబ్బా, గొడుగులు, వాటికి తోడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సిలిండరు. అన్నీ తాళం వైపు అంచుకే. బందుకు దూరంగా బరువు పెడితే అదే బరువు పై బందును ఎక్కువ లాగుతుంది. దాని మీద మన రోడ్ల కుదుపులు.

సిలిండరు తలుపుకు తగిలించడానికి ఇంకో అభ్యంతరం కూడా ఉంది. మంట లోపల లేచి తలుపు బయటికి పూర్తిగా తెరుచుకుంటే సిలిండరు బండి బయట వేలాడుతుంది. దాన్ని ఎక్కేచోట పక్క గోడకు, మోకాలి ఎత్తున మార్చాం. లోపలినుంచీ బయటినుంచీ చేయి అందుతుంది. చెప్పుల స్టాండు మెట్టు కిందికి పోయింది. గొడుగుల సంగతి ఓనరు భార్యకే వదిలేశాను.

పని చేసిన వరస

ముందు బందు, తర్వాత స్ట్రైకర్, చివర తాళం. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

రివెట్లు డ్రిల్‌తో తీసేసి, పైపు లోపలికి 3 మి.మీ. ఇనుప పట్టీని బ్యాకింగ్‌గా దూర్చాం. పైపు చివర మూత తీస్తే దారి దొరికింది, లేకపోతే తలుపు రేకు కోయాల్సి వచ్చేది. కింద జాకీ మీద చెక్క పెట్టి తలుపును అసలు ఎత్తుకు లేపి, సందు నాలుగు వైపులా సమానం చేశాకే కొత్త రంధ్రాలు పొడిచాం. ఎం6 స్టీలు బోల్టులు, నైలాన్ ఉన్న నట్లు. నైలాన్ నట్టు కుదుపులకు వదులు కాదు. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా ఆనుకోకుండా మధ్యలో సీలెంట్ పూశాం, వాన నీళ్లు పైపులోకి దిగకుండా కూడా అదే ఆపుతుంది. కింది బందు గట్టిగానే ఉన్నా దానికీ ఇదే పని చేశాం. పైదొక్కటే గట్టిపడితే తర్వాతి బరువు కిందిదాని మీద పడుతుంది.

అరగదీసిన స్ట్రైకర్‌ను తీసేసి స్టెయిన్‌లెస్ పట్టీతో కొత్తది కోశాం. రంధ్రం ఎక్కడ పొడవాలో తెలియడానికి డెడ్‌బోల్ట్ కొసకు మార్కర్ సిరా పూసి, తలుపు మూసి, బోల్ట్‌ను మెల్లగా తిప్పితే ముద్ర పడుతుంది. ముద్ర చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు వదులు వదిలాం. ఇంటి తలుపుకు ఇంత వదులు అక్కర్లేదు. నడిచే బండికి కావాలి, చట్రం ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉండదు కాబట్టి.

ఇక క్యామ్. కొత్త తాళం ఆన్‌లైన్లో దొరుకుతుంది గానీ రావడానికి రోజులు పడుతుంది, వాళ్లు యాగంటి పోవాలి. విరిగినదాన్ని వెల్డింగ్ పెట్టమని ఓనరు సలహా. ఈ పోత జింకు 380 డిగ్రీల సెల్సియస్ దాటితే కరిగిపోతుంది. మన వెల్డింగ్ మంట దగ్గరికి తెచ్చేలోపే ముక్క బొట్టుగా కారుతుంది, పైగా ఆ పొగ పీల్చకూడనిది. ఎం-సీల్ లాంటివి అతుకుతాయి గానీ లాగే బలానికి నిలబడవు. అందుకని 3 మి.మీ. ఇత్తడి ప్లేటు మీద పాత ముక్క ఆకారం గీసి, ఆక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో సాన పట్టి కొత్త క్యామ్ చేశాం. పాతదాని మెడ లోపలి మూల నిలువుగా, పదునుగా ఉంది. పగులు మొదలైంది సరిగ్గా ఆ మూలలోనే. కొత్తదానికి ఆ మూలను గుండ్రంగా తిప్పాం. అచ్చు పాతదానిలాగే చేస్తే పాతదాని జబ్బు కూడా వస్తుంది.

తాళం చెవి దూరే సిలిండర్లు విప్పితే నల్లటి ముద్ద. బిగుసుకున్నప్పుడల్లా స్ప్రే ఆయిల్ కొట్టారు, ఆ జిడ్డు మీద దుమ్ము పట్టుకుంది. ఓర్వకల్లు, బేతంచెర్ల వైపు రాళ్ల దుమ్ము ఎంత సన్నగా ఉంటుందో అటు తిరిగేవాళ్లకు తెలుసు. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరాక గ్రాఫైట్ పొడి వేశాం. గ్రాఫైట్ వేసిన తర్వాత నూనె చుక్క కూడా పడకూడదు, రెండూ కలిస్తే మళ్లీ అదే ముద్ద. నూనె, గ్రీజు వేయాల్సింది బందులకు, లాచ్ ఏటవాలు ముఖానికి.

తాళం తిరిగి బిగించేటప్పుడు నాలుగు స్క్రూలనూ బలం ఉంది కదా అని తిప్పకూడదు. ఫోమ్ తలుపు నొక్కుకుని రెండు ప్లేట్లూ దగ్గరకొస్తే లోపల క్యామ్ ఇరుక్కుంటుంది. ఒక్కో స్క్రూ కొంచెం బిగించాక లివరు లాగి చూడాలి, లివరు తనంతట తాను వెనక్కి రాకపోతే అక్కడే ఆగి పావు చుట్టు వదులు చేయాలి.

తలుపు రబ్బరుకు న్యూస్ పేపరు పరీక్ష. పేపరు పట్టీని రబ్బరుకూ చట్రానికీ మధ్య పెట్టి తలుపు మూసి లాగాలి. అన్నిచోట్లా ఒకే బిగువు రావాలి. తాళం వైపు మధ్యలో పేపరు చినిగింది, అంటే అక్కడ రబ్బరు ఎక్కువగా నెడుతోంది. ఎండకు గట్టిపడి ఉంది. మార్చమని చెప్పాను, ఆ సైజు మా దగ్గర లేదు.

అప్పగించే ముందు ఎడమ వెనక చక్రం కింద చెక్క పలక పెట్టి బండి ఎక్కించాం. ఓర్వకల్లులో ఎలా నిలబడిందో అలా. లాచ్, డెడ్‌బోల్ట్ లోపలినుంచి మనవడి చేత తిప్పించాం. తిరిగాయి. చదును మీద పరీక్షించి ఇచ్చేస్తే ఈ కేసులో పరీక్షించనట్టే లెక్క.

రెండో దారి

తాళం పని అయిపోయాక నేను వెనక కిటికీ చూపించమన్నాను, తలుపు తెరుచుకోకపోతే బయటపడే దారి అదే కాబట్టి. అడక్కపోయినా చూస్తాను. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మా కర్నూలు పక్కనే చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయింది. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకారు. ఆ తర్వాత మా ఊళ్లో తలుపుల పని చేసే ఎవరికీ ఈ విషయం తేలిగ్గా ఉండదు. బస్సు బాడీలు ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్-052 ఉన్నట్టే మోటార్ కారవాన్లకు, అంటే ఇలాంటి బండ్లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బండి కట్టించేటప్పుడు బాడీ షాపువాళ్లను ఆ పేరుతో అడగండి, వాళ్ల మొహం చూస్తే కొంత తెలుస్తుంది.

ఈ బండిలో వెనక కిటికీ తెరుచుకునేదే. కానీ దాని గొళ్లానికి అడ్డంగా బట్టల అల్మరా కట్టారు. అల్మరా కింది అర విప్పించి గొళ్లెం చేతికి అందేలా చేశాం. ఓనరు కొంచెం గునిశాడు, బట్టలు ఎక్కడ పెట్టుకోవాలని. "అవ్వను ఆ కిటికీలోంచి దించగలమా, అది ఆలోచించండి సార్" అంటే స్క్రూడ్రైవరు ఆయనే అందుకున్నాడు. బయట గొళ్లెం, దానికి కప్ప తాళం కూడా పెట్టమని అడిగాడు, దొంగల భయంతో. పెట్టలేదు. మనుషులు పడుకునే గదికి బయటినుంచి కప్ప వేసే ఏర్పాటు నా చేత్తో చేయను. దొంగ కోసమైతే డెడ్‌బోల్ట్ చాలు. బండి నడిచేటప్పుడు అది కూడా వేయొద్దు, లాచ్ ఒక్కటే ఉండాలి.

స్పేరుగా కొత్త తాళం తెప్పించుకుంటానన్నాడు. కొనేముందు చూసుకోవాల్సినవి రాసిచ్చాను: కోసిన రంధ్రం కొలత, తలుపు మందం, బందులు ఏ వైపు ఉన్నాయన్నది. మందం చూడకుండా తెప్పిస్తే స్క్రూలు పొట్టివైనా వస్తాయి, పొడుగువైనా వస్తాయి.

డెడ్‌బోల్ట్‌కు నాలుగు వైపులా మార్కర్ పూసి పంపాను, గండికోట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఫొటో తీసి పంపమని. ఫొటో వచ్చింది. కింది వైపు సిరా చెక్కుచెదరలేదు, అంటే తలుపు దిగలేదు. బయటి వైపు ముఖం మీద మాత్రం సిరా పోయింది. అది గట్టిపడిన ఆ రబ్బరు తలుపును బయటికి నెడుతున్నందుకు. సరిపోయే రబ్బరు హైదరాబాదులో వెతుకుతున్నాడు. దొరికేదాకా ఆ వైపు టాల్కం పౌడరు రాసి నడపమన్నాను.